సముద్రం పాలు

నిరుడు ఆగస్టులో మేనకోడలి పెళ్లికి చీరలు కొనడానికి అక్కతో కలిసి కాకినాడ దగ్గరి ఉప్పాడ వెళ్లాను. నేత ఇళ్లలో జాందానీ చీర బేరం తేలడానికి కావలసిన ఓపిక అక్కకు ఉన్నంత నాకు లేదు కనుక, ఆమెను అక్కడ వదిలి, సముద్రం ఒడ్డునున్న టీ కొట్టు బల్ల మీద వచ్చి కూర్చున్నాను. ఎవరో చదివి మడిచి వదిలేసిన దినపత్రిక ఒకటి ఆ బల్ల మీద ఉంది. మొదటి పేజీలో గోదావరి వరద వార్త. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తేశారని, లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రం పాలవుతోందని పెద్ద అక్షరాల శీర్షిక. ప్రతి వానాకాలం కనిపించే వాక్యమే కదా అని నేను లోపలి పేజీ తిప్పబోతుంటే, పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఏం రాశారని అడిగారు. చదివి వినిపించాను. ఆయన తల ఎత్తకుండానే, "మా ఊరూ సముద్రం పాలే కదండీ. ఆ ముక్క అంత పెద్ద అక్షరాల్లో వెయ్యరేంటండీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేకపోయింది. కొట్టుకూ సముద్రానికీ మధ్య ఒక చిన్న రోడ్డు, దాని అవతల లారీల్లో తెచ్చి పోసిన బండరాళ్లు తప్ప మరేమీ లేవు. పోటు వేళ కావడంతో కెరటం ఆ రాళ్లకు కొట్టుకుని లేచిన తుంపర మా టీ గ్లాసుల దాకా వస్తోంది. పాత ఊరు ఎక్కడ ఉండేదని అడిగితే ఆయన చేత్తో చూపించిన చోట ఒక పడవ ఊగుతోంది.

"పాలు" అన్న మాటకు తెలుగులో వాటా అని అర్థం. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే ఎవరి పాలు వారికి వస్తుంది, ఆ పంపకంలో హక్కున్నవాళ్లు పాలివాళ్లు అవుతారు. అదే మాట అప్పుల పాలు, అడవి పాలు, సముద్రం పాలు అనేటప్పటికి పోయిందీ, ఇక తిరిగి రానిదీ అన్న అర్థంలోకి జారిపోతుంది. నది విషయంలో మనం ఈ రెండో అర్థానికి అలవాటుపడి మొదటిదాన్ని పూర్తిగా మరిచిపోయామనీ, మన తీరానికీ, తీరాన్ని ఆనుకుని ఉన్న చిన్న దీవులకూ ఇవాళ వచ్చిన కష్టంలో పెద్ద భాగం ఆ మరుపులోనే ఉందనీ నా అభిప్రాయం. ఇలా అనడం తేలికే గానీ, నిలబెట్టడానికి ప్రయత్నించినప్పుడు నాకే చాలా చోట్ల కాలు జారింది. ఆ జారిన చోట్లు కూడా దాచకుండా రాస్తాను.

ఇసుక చాచిన చెయ్యి

కాకినాడ రేవుకు ఎదురుగా, సముద్రంలో దూరంగా సన్నటి గీతలా కనిపించే హోప్ ఐలాండ్‌ను మనం దీవి అంటాం గానీ, అది గోదావరి సముద్రంలోకి చాచిన ఇసుక చెయ్యి. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. వయసు రెండు వందల ఏళ్లకు అటూ ఇటూ, అంటే మన రాష్ట్రంలో చాలా గుళ్ల కంటే, కొన్ని ఇళ్ల కంటే కూడా చిన్నది. వరదల్లో గౌతమి పాయ తెచ్చిన ఇసుకను నైరుతి రుతుపవనాల కాలపు అలలు ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. చలికాలంలో ఈశాన్య గాలులకు కొంత వెనక్కి వచ్చినా, ఏడాది లెక్క తేల్చి చూస్తే మన తూర్పు తీరంలో ఇసుక నడక ఉత్తరానికే. అలా నడిచిన ఇసుక మేటలు వేసి, మేట మీద మేట పేరుకుని ఈ తిప్ప తయారైంది.

దాని వెనక ఏర్పడిన నిమ్మళమైన నీటినే కాకినాడ నమ్ముకుని బతుకుతోంది. ఓడలు అక్కడ నిలబడగలగడానికి కారణం అదే. దాని చాటునే కోరింగ మడ అడవి పెరిగింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతంలో మండపీతలు, రొయ్యలు, పండుగప్ప పిల్లలు మడ వేళ్ల సందుల్లో పెరిగి పెద్దవై సముద్రంలోకి పోతాయి, నీటిపిల్లులు రాత్రిపూట చేపలు పట్టుకుంటాయి. తిప్పకు సముద్రం వైపున ఉన్న మెత్తటి ఇసుకలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక ఇసుక గీత ఇంత మందిని పోషిస్తోంది.

కొన్నేళ్ల క్రితం పిల్లలతో కలిసి పడవలో అక్కడికి వెళ్లినప్పుడు, దిగిన చోటు నుంచి కొస దాకా నడిచి వద్దామా అని నేను అడిగితే పడవ నడిపిన కుర్రవాడు నవ్వాడు. కొస నిరుడు ఉన్న చోట ఈ ఏడు ఉండదని, వాళ్ల నాన్న గుడిసె వేసుకున్న చోట ఇప్పుడు వల వేస్తున్నారని చెప్పాడు. అందులో అతనికి ఏ వింతా కనిపించలేదు. తిప్ప కదులుతుందన్నది వాళ్లకు పున్నమికి పోటు ఎక్కువన్నంత మామూలు సంగతి. ఒడ్డు అంటే మ్యాపులో గీసిన గీత అని అనుకునే మనకే అది వింత.

ఆ గీత గురించి ఒక పిట్టకథ చెప్పి ముందుకు వెళతాను. మన రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని, దేశంలో గుజరాత్ తరువాత మనదే పొడవైన తీరమని మేము బళ్లో వల్లె వేశాం. పోటీ పరీక్షలకు చదువుతున్న మా అక్క కొడుకు ఈ మధ్య వచ్చి, "మావయ్యా, ఇప్పుడు 1,053 అంట, తమిళనాడు మనల్ని దాటేసిందంట, ఏది రాయమంటావ్?" అని అడిగాడు. దేశ తీరాన్ని ఇంకా సూక్ష్మమైన మ్యాపుల మీద, ప్రతి వంకనూ ప్రతి ఏటి మొగనూ లెక్కలోకి తీసుకుని మళ్లీ కొలిస్తే 7,516 కిలోమీటర్లు కాస్తా 11,098 అయింది. కొలిచే బద్ద చిన్నదయ్యేకొద్దీ తీరం పొడవు పెరుగుతుంది. కాగితం మీద మన తీరం 79 కిలోమీటర్లు పెరిగిందన్న సంగతి ఉప్పాడలో చెబితే ఏమంటారో ఊహించుకోగలను.

దీవి గొప్ప గురించి చెప్పేటప్పుడు రెండు అనుమానాలు కూడా చెప్పాలి. 2004 సునామీ నుంచి కాకినాడను కాపాడింది హోప్ ఐలాండే అని మా వైపు అందరూ నమ్ముతారు. కొంత నిజం ఉండవచ్చు గానీ, ఆ రోజు నాగపట్నాన్ని ముంచిన అలలతో పోలిస్తే మన కోస్తాకు వచ్చిన తాకిడే చాలా తక్కువ కనుక, ఘనత మొత్తం దీవికే కట్టబెట్టడానికి వెనకాడతాను. తుపాను ఉప్పెనల విషయంలో మాత్రం అంత వెనకాడను. 1839 నవంబర్ 25న వచ్చిన ఉప్పెన, ఓడలు కట్టే రేవుగా పేరున్న కోరంగిని లేవకుండా కొట్టింది. రంగూన్‌లో తెలుగువాళ్లందరినీ కొరంగీలు అని పిలిచేటంత పేరున్న రేవు అది. ఈ ఇసుక చెయ్యి అప్పటికి ఇప్పుడున్నంత పొడవు చాచలేదు.

రెండో అనుమానం మరింత ఇబ్బందికరమైనది. కాకినాడకు అడ్డుగా నిలబడిన ఈ తిప్పే, తన ఉత్తరపు కొసకు అవతల ఉన్న ఉప్పాడకు చేటు చేస్తోందని తీర ప్రాంతాన్ని పరిశోధించినవాళ్లు చెబుతారు. ఇసుకను అది తన దగ్గరే పట్టి ఉంచుకుంటుంది, దాని కొస చుట్టూ వంగిన అలలు తమ బలమంతా తీసుకువెళ్లి ఉప్పాడ ఒడ్డు మీద దించుతాయి, మధ్యలో రేవు కోసం కట్టిన అడ్డుగోడలు, తవ్విన ఓడల దారి మిగిలిన ఇసుకను ఆపుతాయి. ప్రకృతి చేసిందంతా అందరికీ మేలే చేస్తుందన్న ధైర్యం నాకు ఉప్పాడలో సడలిపోయింది. అయితే ఒకటి గమనించాను: పై నుంచి వచ్చే ఇసుక సమృద్ధిగా ఉన్నంత కాలం తిప్పా పెరగవచ్చు, ఉప్పాడా నిలవవచ్చు. వచ్చేది తగ్గినప్పుడే పాలివాళ్ల మధ్య తగువు ముదురుతుంది.

సారె ఎక్కడ ఆగింది

మా నాయనమ్మ బతికి ఉండగా రెండుసార్లు సప్తసాగర యాత్ర చేసింది. పుష్య మాసం చివర వచ్చే అమావాస్య నాడు చొల్లంగిలో స్నానం చేసి మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్లన్నిటా మునిగి, మాఘ మాసంలో అంతర్వేది చేరడం ఆ యాత్ర క్రమం. నది సముద్రుడికి భార్య అని, ఏటా వరదల్లో వచ్చే ఎర్రనీరు ఆమె అత్తవారింటికి పట్టుకెళ్లే సారె అని ఆవిడ చెప్పేది. చిన్నప్పుడు అది కథ. ఈ మధ్య ఆంధ్ర విశ్వకళాపరిషత్ భూశాస్త్రజ్ఞులు కృష్ణా గోదావరి డెల్టాల మీద చేసిన పరిశోధన చదువుతుంటే, ఆవిడ చెప్పిన సారె అంకెల రూపంలో కనిపించింది.

1970ల్లో గోదావరి ఏటా సగటున 150 మిలియన్ టన్నుల ఒండ్రును కిందికి మోసుకొచ్చేది. 2000 నుంచి 2006 మధ్య అది 57 మిలియన్ టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి ఇంకా దారుణం. 1960ల చివర 9 మిలియన్ టన్నులుండే ఒండ్రు, 2000 తరువాతి సంవత్సరాల్లో 0.4 మిలియన్ టన్నులకు, అంటే ఇరవయ్యో వంతు కంటే తక్కువకు చేరింది. ఈ రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరం వెంబడి 1965 నుంచి 2008 దాకా కోతకు పోయిన నేలలోంచి కొత్తగా మేట వేసిన నేలను తీసేస్తే, నికరంగా పోయింది 76 చదరపు కిలోమీటర్లు. మనకు తెలిసిన లెక్కలో చెప్పుకుంటే 18,700 ఎకరాలకు పైమాటే. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లుగా ఉన్న కోత ఆ తరువాత 2.3 దగ్గరికి వెళ్లి అక్కడే నిలిచింది.

ఇక్కడే నా వాదనకు మొదటి దెబ్బ తగిలింది. "వృథాగా సముద్రంలోకి పోయే నీరు" అన్న మాటను తప్పుపడుతూ బయలుదేరిన నేను, సముద్రానికి నీళ్లు చాలక తీరం కోసుకుపోతోందని అనుకున్నాను. కృష్ణ విషయంలో అది నిజమే. 1950ల్లో డెల్టాకు ఏటా 2,180 టీఎంసీలకు పైగా వచ్చిన కృష్ణ నీరు, 2000 తరువాత 420 టీఎంసీల లోపుకు వచ్చింది. కానీ గోదావరి నీరు అంతగా తగ్గలేదు. ఇప్పటికీ ఏటా మూడు వేల టీఎంసీల దాకా సముద్రంలో కలుస్తోందని మన ప్రభుత్వాలే చెబుతాయి. తగ్గింది నీరు కాదు, నీటిలోని మట్టి. వరదను ఆపలేకపోయినా జలాశయాలు దాని వేగాన్ని ఆపుతాయి, వేగం తగ్గిన నీరు మోస్తున్నదాన్ని అక్కడే దించేస్తుంది. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన శ్రీరాంసాగర్ కొన్ని దశాబ్దాల్లో పూడికతో 90 టీఎంసీల స్థాయికి దిగిపోయిందంటే, పోయిన చోటును ఆక్రమించింది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లాలో అది పూడిక సమస్య, ఉప్పాడలో కోత సమస్య. రెండు వార్తలూ వేర్వేరు జిల్లా పేజీల్లో వస్తాయి కనుక ఒకే వార్త అని మనకు తోచదు.

అంటే పిల్లను అత్తవారింటికి పంపుతూనే ఉన్నాం, సారె మాత్రం దారిలో దింపేసుకుంటున్నాం.

జలాశయాల దగ్గర ఆగని ఇసుక, నదిలోంచి తవ్వి లారీలకెత్తే ర్యాంపుల దగ్గర ఆగుతుంది. ఈ మాట రాస్తున్నప్పుడు నా కుర్చీ కింద నేల కాస్త కదిలింది. మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు సముద్రపు ఇసుక ఉప్పు తేలుతుందని, గోదావరి ఇసుకే కావాలని పట్టుబట్టి, ర్యాంపు దగ్గర లారీలు లోడు చేయించడానికి నన్ను పంపారు. తడి ఇసుక తూకం ఎక్కువ వస్తుందని ఒకరోజు ఆగి ఆరిన ఇసుక ఎత్తించుకున్నందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ ఇసుక ఆగకుండా నడిచి ఉంటే ఎక్కడికి చేరేదన్న ఆలోచన ఆ రోజు మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఉప్పాడకు రావలసిన ఇసుక ఎవరింట్లో ఉందని ఆ పెద్దాయన అడగలేదు. అడిగి ఉంటే మా ఇంటి చిరునామా చెప్పవలసి వచ్చేది.

కాటన్ దొర అన్నం

రెండో దెబ్బ మా ఇంట్లోనే తగిలింది. ఈ సంగతులన్నీ భోజనాల దగ్గర చెబుతుంటే మా చిన్నాన్న కంచం వైపు చూపించి, "ముందు ఆ అన్నం వదిలేసి మాట్లాడు" అన్నారు. మా కుటుంబానికి ఉన్నదంతా ధవళేశ్వరం కాలువ కింది భూమే. 1832-33లో వచ్చిన కరువును డొక్కల కరువని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఆ మాటను కథగా మార్చింది. గోదావరి స్నానాల్లో సంకల్పం చెప్పేటప్పుడు కాటన్ పేరు తలుచుకునే పురోహితులు ఉన్నారంటే అది ఊరికే వచ్చిన కృతజ్ఞత కాదు. మెట్ట ప్రాంతంలో వాన కోసం ఆకాశం వైపు చూసే రైతు, కళ్ల ముందు నుంచి సముద్రంలోకి పోతున్న వరదను వృథా అంటే అది అత్యాశ అని నేను ఏ ముఖంతో అనగలను?

ఆయన మాటలో న్యాయం ఉంది, నేను ఒప్పుకున్నాను. ఆనకట్టలు తీసేయమన్నది నా వాదన కాదు. నా తగువు "వృథా" అన్న ఒక్క మాటతోనే. ఒక ఖర్చును ఖర్చని ఒప్పుకున్నప్పుడు దాన్ని ఎవరు భరిస్తున్నారని అడగగలం, కొంతైనా తీర్చగలం. అది ఖర్చే కాదు, పారబోతకు అడ్డుకట్ట అన్నప్పుడు అడిగేవాడే ఉండడు. గోదావరి నీటి పంపకం మీద బచావత్ ట్రిబ్యునల్ 1980లో తుది తీర్పు ఇచ్చినప్పుడు ఎదుట నిలిచిన పాలివాళ్లందరూ రాష్ట్రాలే. పోలవరం దగ్గర 194 టీఎంసీల జలాశయం వస్తోంది. అక్కడి నుంచి 200 టీఎంసీల వరద నీటిని రాయలసీమలోని బనకచర్లకు తరలించాలన్న ప్రతిపాదన మీద 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ గొంతు చించుకున్నాయి. మిగులు జలాలు ఎవరివన్న ఆ వాదనలో రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకీభవించాయి: సముద్రంలోకి పోయేది ఎవరికీ చెందనిదని. గోదావరి మొగల దగ్గరున్న బలుసుతిప్ప నుంచో భైరవపాలెం నుంచో ఎవరైనా వచ్చి, దానికి పాలివాళ్లం మేమున్నామని చెబితే వినడానికి అక్కడ కుర్చీ లేదు.

వాతావరణం మీదికి నెట్టేయడం

ఈ మధ్య తీరపు కోత గురించి ఏ సమావేశంలో విన్నా ముందు వచ్చే మాట వాతావరణ మార్పు. సముద్రమట్టం పెరుగుతోందనడంలో నాకు సందేహం లేదు. 2006 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క కట్టింది. కానీ ఏడాదికి ఒక గోధుమగింజ పొడవు కూడా పెరగని నీరు ఒక్క తుపానులో వీధికి వీధిని ఎలా తీసుకుపోతుందని అడిగితే, మధ్యలో ఉండవలసిన ఇసుక లేకపోవడం గురించి మాట్లాడక తప్పదు. వాతావరణ మార్పు అనడంలో ఒక సౌకర్యం ఉంది. దోషి ఎక్కడో దూరాన, అన్ని దేశాల్లో సమానంగా పరుచుకుని ఉంటాడు, రేవు కట్టినవాడి పేరు గానీ, జలాశయానికి అనుమతి ఇచ్చినవాడి సంతకం గానీ వెతకనక్కర్లేదు.

ఇలా అని, దాన్ని తేలిగ్గా తీసెయ్యడం కూడా పొరపాటే అవుతుంది. డెల్టా నేల ఒండ్రు మట్టి, తన బరువుకు తానే ఏటా కొంత కుంగుతుంది. ఆ కుంగుబాటును కొత్త ఒండ్రు ఏటా భర్తీ చేస్తూ ఉంటేనే నేల నీటికి పైన ఉంటుంది. కింది నుంచి నేల దిగుతూ, పై నుంచి ఒండ్రు రాకుండా, పక్క నుంచి సముద్రం లేస్తూ ఉంటే మూడూ ఒకదానికొకటి తోడవుతాయి. కృష్ణా ముఖద్వారంలో పంటు మీద దాటి వెళ్లవలసిన ఎదురుమొండి లాంటి దీవుల్లో ఉన్నవాళ్లకు ఈ మూడింటిలో ఏది ఎంత వంతు అన్న లెక్కతో పని లేదు. 1977 నవంబర్ 19 రాత్రి ఉప్పెన దివిసీమను ఏం చేసిందో ఆ దీవుల్లో పెద్దవాళ్లకు చెప్పవలసిన పని కూడా లేదు.

గోడ అడిగే మనిషి

ఉప్పాడలో కోత అనగానే అందరికీ తోచే పరిష్కారం గోడ. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద జియోట్యూబులు పరిచారు, అవి చిరిగి చెదిరితే మళ్లీ రాళ్లు పోశారు. గోడ ఎందుకు పనిచేయదో పుస్తకాల్లో చదువుకుని వెళ్లాను. అల ఇసుక మీదకు వస్తే పాకుతూ బలం కోల్పోతుంది, గోడకు కొట్టుకుంటే ఆ బలంతోనే వెనక్కి తిరిగి గోడ మొదట్లో ఉన్న ఇసుకను తవ్వుకుపోతుంది. గోడ ముగిసిన చోట కోత మరింత ఎక్కువవుతుంది. ఉప్పాడకు ఉత్తరాన కోనపాపపేటలో ఇళ్లు కూలిన ఫోటోలు మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

ఇదంతా నేను పెద్దాయనకు వివరించబోయాను. ఆయన శ్రద్ధగా విని, "మరైతే ఈ వానాకాలానికి నేను ఎక్కడ పడుకోవాలండీ?" అన్నారు. గోడ తప్పని నేను ఇప్పటికీ అనుకుంటాను, కానీ ఆ ప్రశ్న విన్న తరువాత గోడ వద్దు అన్న మాట నా నోటి నుంచి రాదు. ఇరవై ఏళ్లలో తేలే పరిష్కారాన్ని ఇవాళ రాత్రి ఇల్లు కూలబోయే మనిషికి చెప్పడం కూడా ఒక రకమైన క్రూరత్వమే. తాత్కాలికమని తెలిసి, పక్క ఊరికి ఏం జరుగుతుందో లెక్క చూసి, దాని కోసం కూడా డబ్బు పక్కన పెట్టి కట్టే గోడను నేను సమర్థించగలను. ఒక ఊరికి కట్టి, శిలాఫలకం వేసి, కోతను ఉత్తరానికి బదిలీ చేసి వెళ్లిపోయే గోడను సమర్థించలేను.

గోడ ఇంటిని కాపాడినా ఒడ్డును కాపాడదని నాకు అర్థమైంది కూడా ఆయన వల్లనే. ఒడ్డు అంటే నాకు సాయంత్రం నడిచే చోటు. వాళ్లకు పడవ లాగి నిలబెట్టుకునే చోటు, వల ఆరేసుకునే చోటు, ఆడవాళ్లు చేప ఎండబెట్టుకునే చోటు. ఇరవై ముప్పై మంది రెండు కొసలూ పట్టుకుని ఒడ్డు మీదికి లాగే అలివి వలకు కాలు నిలిపే ఇసుకే ఆధారం. ఆ ఇసుక పోయి రాళ్లు వచ్చాక అలివి వలను ఇంటి అటక మీద పెట్టేశానని ఆయన చెప్పారు. కొత్త చేపల రేవు కడుతున్నారు కదా అంటే, "రేవు పడవలకండీ, వలకు కాదు కదా" అన్నారు. ఆ రేవుకు వేసే అడ్డుగోడలు కూడా ఇసుక నడకను ఆపుతాయన్న సంగతి నేను ఎత్తలేదు.

మడ చెట్లు నాటితే సరిపోతుందనేవాళ్లు కూడా ఉన్నారు. మడ నిమ్మళమైన బురద నీటి చెట్టు, హోప్ ఐలాండ్ చాటున పెరుగుతుంది, ఉప్పాడ కెరటం ముందు ఒక్క వారం నిలవదు. సరుగుడు తోటలు గాలిని ఆపుతాయి, అలను ఆపవు. ఏ చోటుకు ఏది పనికొస్తుందో చూడకుండా పచ్చగా కనిపించేదంతా మందే అనుకోవడం, రాయి కనిపిస్తే చాలు రక్షణ అనుకోవడం లాంటిదే. నిజంగా మడ ఉండవలసిన చోట మాత్రం దాన్ని నరికేస్తాం. కాకినాడ శివార్లలో ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

చట్టం చేతిలో ఉన్న టేపు కూడా ఈ మధ్య కురచైంది. 2011 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కోరింగ, తూర్పు గోదావరి, కృష్ణా తీరాలను అత్యంత సున్నితమైన ప్రాంతాల జాబితాలో చేర్చింది. 2019లో వచ్చిన కొత్త నోటిఫికేషన్, జనం ఒత్తుగా ఉన్న తీర గ్రామాల్లో కట్టడాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది, ప్రధాన భూభాగానికి దగ్గరగా ఉన్న దీవులకైతే 20 మీటర్లకు. మత్స్యకారులు ఇళ్లు కట్టుకోవడానికి వీలవుతుందని దాన్ని సమర్థించారు. ఆ అవసరం నిజమే, సముద్రానికి మూడు మైళ్ల దూరంలో కాలనీ కట్టిస్తే వాళ్లు వేకువన వల ఎలా వేస్తారు? అయితే ఒక తుపానులో అంతకంటే వెనక్కి జరిగే ఒడ్డు మీద 20 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు, ఏ ఏటి గీత నుంచి? నడిచే తిప్ప మీద ఆగిన టేపు పెట్టి కొలవడమే నాకు అర్థం కాదు. ఆ వెసులుబాటు గుడిసెకు ఎంత ఉపయోగపడుతుందో రిసార్టుకూ అంతే ఉపయోగపడుతుందన్నది వేరే సంగతి.

చేయగలిగినది లేదని నేను అనడం లేదు. విశాఖ రేవు గోడలకు దక్షిణాన ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి నగరపు బీచ్ మీదకు పంపడం ఏళ్లుగా జరుగుతున్న పనే. నగరపు బీచ్‌కు చెయ్యగలిగినది ఉప్పాడకు ఎందుకు చెయ్యరన్న ప్రశ్నకు ఇంజనీరింగులో జవాబు లేదు. కాకినాడ ఓడల దారి కోసం తోడే ఇసుకలో ఒడ్డుకు పనికొచ్చేదంతా ఉత్తరపు ఊళ్ల ముందు పోయాలన్నది ఒక షరతుగా రాసుకోవచ్చు. కొత్త జలాశయం లెక్కల్లో పూడిక వల్ల నిల్వ ఎంత తగ్గుతుందన్న గడి ఎప్పుడూ ఉంటుంది. దాని పక్కనే డెల్టాకు ఎంత ఒండ్రు తగ్గుతుందన్న గడి ఒకటి గీసుకుంటే, వరద కాలంలో ఏ గేట్లు ఎప్పుడు ఎత్తితే ఎంత మట్టి కిందికి పోతుందని ఎవరైనా ఆలోచించవలసి వస్తుంది. ఇవేవీ ఉప్పాడ పాత వీధులను తిరిగి తేలేవు. ఆ వీధులు తిరిగి వచ్చేది ఒక్క తీరులోనే. 2020 నవంబర్‌లో నివర్ తుపాను వెళ్లిన మర్నాడు ఉప్పాడ ఇసుకలో బంగారు రేణువులు దొరుకుతున్నాయని జనం దువ్వెనలతో, జల్లెళ్లతో ఒడ్డు మీద వెతుకుతుంటే టీవీల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. సముద్రంలో కలిసిపోయిన ఇళ్లలోదీ, గుళ్లలోదీ ఆ బంగారమని ఊళ్లో చెబుతారు. మీకు ఎప్పుడైనా దొరికిందా అని పెద్దాయనను అడిగాను. ఒకసారి ముక్కుపుడక అంత ముక్క దొరికిందని, అది ఎవరి ఇంటిదో పోల్చుకోవడానికి ఊళ్లో ముసలివాళ్లందరికీ చూపించి, చివరికి అమ్మేశానని చెప్పారు.

అక్క నాలుగు చీరలతో తిరిగి వచ్చేసరికి పోటు బాగా ఎక్కింది. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు మీదికి నీళ్లు వస్తున్నాయని పోలీసులు వాహనాలను పిఠాపురం మీదుగా తిప్పి పంపుతున్నారు. మా డ్రైవర్ ఫోన్‌లోని మ్యాపుకు ఆ సంగతి తెలియదు. పిఠాపురం దాటేదాకా అది ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి బీచ్ రోడ్డు మీదికి వెళ్లమనే చెబుతూ వచ్చింది.